గోరంత గీత

ప్రియమైన వదినకి,

నువ్వూ నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు అందుతుందో లేదోనన్న బెంగతో స్టాంపు ఒకటి ఎక్కువే అంటించాను. నా చదువు మూడో తరగతని నీకు తెలుసు కదా, కూడబలుక్కుని చదువుకో. ఇన్నేళ్లలో నేను రాసిన మూడు ఉత్తరాలకీ నీ నుంచి జవాబు లేదు. అయినా ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మన ఊరికి కొత్త పటం వేశారు. అందరూ చూసేట్టు పంచాయతీ ఆఫీసు వరండాలో తగిలించారు. పసుపు రంగు వేసిన చోట ఇళ్లు కట్టుకోవచ్చు. ఆకుపచ్చ వేసిన చోట పంటలు తప్ప ఇంకేమీ లేవకూడదు. పాత పటంలో గీతలే ఇందులోకి దించారు. అభ్యంతరాలుంటే నెల లోపల చెప్పాలట, ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా ఇరవై ఏళ్ల దాకా మారదట. మీ స్థలం మళ్లీ ఆకుపచ్చలోనే పడింది. అన్నయ్య నిలబెట్టిన గుమ్మానికి నోటీసు అంటించారు. పొలంలో కట్టడం ఉండకూడదు కాబట్టి పీకేస్తారట.

ఇరవై ఎనిమిదేళ్లుగా పక్కన గోడ లేకుండా, పైన కప్పు లేకుండా, గడ్డిలో ఒంటరిగా నిలబడి ఉంది ఆ గుమ్మం. వడ్రంగంలో అన్నయ్యది మంచి చెయ్యి కదా, చెదలు కూడా మర్యాద చూపించాయి. నా వంటింటి కిటికీలోంచి చూస్తే సరిగ్గా అదే కనిపిస్తుంది. అన్నయ్య పోయి ఇరవై రెండేళ్లయినా, పొద్దు వాలే వేళకి ఆ గడప మీద ఎవరో కూర్చుంటారు వదినా. మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తల కాస్త పక్కకి వంచి. అలా కూర్చునేది ఎవరో నీకు నేను చెప్పాలా. మా అమ్మాయిని పిలిచి చూపిస్తే, "అమ్మా, అది మేక" అంది.

"మేక మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుంటుందా?"

"కళ్లజోడు మార్పించుకుంటే పెట్టుకోదు" అంది.

నవ్వేసి కిటికీ మూశాను. మూసినా, అన్నయ్య చెక్కకి చిత్రిక పట్టే చప్పుడు చెవుల్లో ఆగలేదు.

నీకు ఒకటి చెప్పాలి. నేను ఆఫీసులో ఊడ్చి తుడిచే రోజుల్లో ఒక వానకి గోడ మీది పటం తడిసింది. ఆఫీసరు సెలవులో ఉన్నాడు. మరక పోతుందని తడిగుడ్డ పెట్టి తుడిచాను. రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మన వీధి వెనకాల గీత చెరిగిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయంతో, అమ్మాయి బళ్లో వాడే రంగు పెన్సిళ్లు తెచ్చి నేనే గీసి, నేనే రంగు వేశాను. ఆ గీత తప్పిపోయి ఉంటుంది. తెలియక చేసిన పని. మీ ఇంటికి అనుమతి రాకపోవడానికి కారణం అదేనేమోనని నా అనుమానం. మందులు వేళకి వేసుకో.

నీ ఆడపడుచు

వదినకి,

పద్నాలుగు రోజులైంది. పోస్టు మనిషి సైకిలు గంట వినిపిస్తే చాలు, వీధిలోకి పరిగెత్తుతున్నాను. నీ జవాబు రాకపోవడమే మంచిదైంది. పోయిన ఉత్తరంలో నేను అబద్ధం రాశాను. తుడవడం తెలియక చేసిందే. గీయడం మాత్రం తెలియక చేసింది కాదు.

మా ఇల్లు వీధికి ఈ కొసన, మీ స్థలం ఆ కొసన కదా. మేము కొన్న జాగా అసలు పసుపులో లేదు. చవగ్గా వస్తోందని పొలం ముక్క కొన్నారు మా ఆయన. "గోడలు లేచాక ఎవడు కూలుస్తాడే" అని ధీమాగా తిరిగేవారు. ఆయనకేం, పడుకుంటే పిడుగు పడ్డా లేచే మనిషి కాదు. నాకు కునుకు లేదు. మరుసటి వారం ఆఫీసరు టేపు పట్టుకుని ఆ వీధి కొలవడానికి వస్తాడని విన్నాను. అంతలో పటం తడిసింది.

అమ్మాయికి అన్నయ్య చేసిచ్చిన చెక్క స్కేలు పెట్టి గీశాను. స్కేలు మధ్యలో వేలితో అదిమి, మా ఇంటి కొసన గోరంత బయటికి జరిపాను. మా ఇల్లు పసుపులోకి వచ్చింది. అయితే స్కేలు వంగేది కాదు కదా వదినా. ఒక కొస బయటికి పోతే రెండో కొస లోపలికి వచ్చింది. అక్కడ మీ స్థలం ఉందని నాకు తెలుసు. చూశాను. గోరంతే కదా అనుకున్నాను. పటం మీద గోరంత అంటే నేల మీద నలభై గజాలని నాకెవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు.

అన్నయ్య గుమ్మం ఎత్తిన నాలుగో రోజున పని ఆపమన్నారు. ఆఫీసుకి వచ్చాడు. ఆఫీసరు గోడ దగ్గరికి తీసుకెళ్లి, "చూడు నాయనా, నీది గీతకి అవతల" అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. అన్నయ్య ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా వేలు నడిపించాడు. ఒక చోట వేలు ఆగింది. తల తిప్పి నా వైపు చూశాడు. "చెల్లెమ్మా, కాసిని మంచినీళ్లు" అన్నాడు. అంతే. ఆ నీళ్లు తాగిన తీరు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత మీరు అద్దెగదిలో ఉన్న ఆరేళ్లూ, అన్నయ్య పోయేదాకా, రోజూ సాయంత్రం ఆ గడప మీద మా ఇంటికేసి చూస్తూ కూర్చునేవాడు. నేను వంటింట్లో లైటు వేయడానికి కూడా వెనకాడేదాన్ని.

రేపు ఆఫీసుకి వెళ్లి అంతా చెప్పేస్తాను. అమ్మాయికి చెప్తే అన్నం ముందు నుంచి లేచిపోయింది. కుట్టుమిషన్లకి వెనకాల గది వేసుకోవాలని దాని ఆశ. "పోయినాయన ఎలాగూ పోయాడు. ఉన్నదాన్ని నన్ను రోడ్డు మీద పెడతావా?" అంది. దాని మాటలోనూ న్యాయముంది. రెండు న్యాయాల మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను.

ఏమని సంతకం పెట్టాలో తెలియక,
నేనే

వదినా,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను, నాలుగోసారి అమ్మాయి చేత చదివించుకున్నాను. ముందు ఆఫీసు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నీ మాటల దగ్గరే ఆగిపోతాను.

ఇప్పుడు ఆఫీసులో పటాలు చూసేది పాతికేళ్ల పిల్ల. నేను చెప్పింది విని, "పెద్దమ్మా, వయసు మీద పడ్డాక ఇలాంటివి తోస్తాయి. ఇంటికెళ్లి పడుకోండి" అంది. చీర కొంగులోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టాను. అది చేసేటప్పుడు అన్నయ్య ఉలి జారి అంచున చిన్న గంటు పడింది. "మరీ అందంగా ఉంటే దిష్టి తగులుతుంది, ఉండనీ" అని నవ్వాడప్పుడు. పాత పటం తీయించి స్కేలు గీతకి ఆనించాను. గంటు ఉన్న చోటే పెన్సిలు మొన లోపలికి దిగి, గీతలో చీమ తలంత వంకర ఉంది. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. జిల్లా ఆఫీసు నుంచి మొదటి పటం నకలు తెప్పించింది. అందులో గీతకి ఏ వంకరా లేదు.

మీ స్థలం ఇక పసుపు. నోటీసు చించేశారు. మా ఇల్లు ఆకుపచ్చలోకి వెళ్లింది. నిలబడినన్నాళ్లు ఉండొచ్చట. గది వేయకూడదు, పడిపోతే మళ్లీ కట్టకూడదు. ఇంటికొచ్చి చెప్పాను. మా అమ్మాయి రెండు రోజులు కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. మూడో రోజు గోడ మీద అరచేత్తో కొట్టి, "గట్టిదేలే, నీకంటే ఎక్కువ కాలం ఉంటుంది" అంది.

ఇక నీ మాట. ఆ వంకర చూసిన రోజే అది తన ఉలి గంటేనని అన్నయ్యకి తెలిసిపోయిందని రాశావు. ఆ రాత్రి నీతో చెప్పాడని, నువ్వు అప్పటికప్పుడు ఆఫీసరు దగ్గరికి పదమంటే, "చెల్లెమ్మ కొంప కూల్చి మనం కట్టుకుందామా?" అన్నాడని. రోజూ ఆ గడప మీద కూర్చుని, మా ఇంట్లో లైటు వెలిగాక లేచి వచ్చేవాడని. "ఒక ఇల్లయినా నిలబడింది కదా" అనేవాడని, అది వింటే నీకు ఒళ్లు మండేదని. ఆయన క్షమించాడు, నేను క్షమించలేదు, క్షమిస్తానని అనుకోకు, అని రాశావు. అనుకోను వదినా. ఆ మాట ఇరవై ఎనిమిదేళ్ల కిందటే నా మొహాన అని ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది. వెంటనే సిగ్గేసింది, చెప్పాల్సిన నోరు నాది కదా.

నిన్న సాయంత్రం కిటికీ తెరిచాను. గడప మీద ఎవరూ లేరు, మేక కూడా లేదు. ఉన్నప్పటి కంటే ఎక్కువ భయం వేసింది. వెళ్లి గుమ్మం చుట్టూ గడ్డి పీకి, నిలువు చెక్కలు తుడిచి వచ్చాను. పొడిగుడ్డతోనే తుడిచాను.

స్థలం చూడటానికి వస్తానని, మా ఇంటి గడప మాత్రం తొక్కనని రాశావు. తొక్కొద్దు. బస్సు చివరి మెట్టు ఎత్తు, కమ్మీ పట్టుకుని దిగు. గొడుగు తెచ్చుకో. ఆ గుమ్మంలో అన్నయ్య కూర్చున్న చోటే కూర్చో. పొద్దు వాలగానే మా వంటింట్లో లైటు వేస్తాను. అది చూశాక లేద్దువుగాని.

ఉత్తరం పైన నువ్వు "ఆడపడుచుకి" అనే రాశావు. అలవాటుగా రాశావో, చూసుకునే రాశావో. నేను మాత్రం దాన్ని పట్టుకునే సంతకం పెడుతున్నాను.

నీ ఆడపడుచు