అన్న ఫోనుకు వచ్చిన అంకెలు

మంగళవారం, మొయినాబాద్

మూడు రోజుల క్రితం నా సోషల్ మీడియా ఖాతా ఎట్టి కారణమూ తెలుపకుండా మూతపడింది. కీర్తిశేషురాలైన అవ్వ చర్చిలో పాడిన పాట అందులో తప్ప మరెక్కడా లేదు. సహాయ విభాగం నా విన్నపాన్ని ఏడుసార్లు సగౌరవంగా స్వీకరించి, ఏడుసార్లూ మౌనం పాటించింది. తాళం తీసే ఓటీపీ మాత్రం చేవెళ్లలోని అన్నకే వెళ్తుంది. మొదట్లో ఖాతా తెరిచింది ఆయన ఫోను నంబరుతోనే. పొలం గట్టు తగాదా నుంచి మా మధ్య రెండేళ్లుగా సంభాషణలు నిలిపివేయబడి ఉన్నాయి.

ఈ సాయంత్రం ఫోను చేశాను.

"అన్నా, ఓటీపీ వచ్చిందా?"

"రెండేండ్లకు యాదికొచ్చిన్నా తమ్మీ? చెప్త గని, అవ్వ పాట నాక్కూడ పంపు. నా దగ్గర లేదు."

ఖాతా తెరుచుకుంది. పాట పంపాను. ఇకపై సొంత నంబరు నమోదు చేసుకోవలసిందిగా యాప్ సూచించింది. ఆ ప్రతిపాదనను కృతజ్ఞతాపూర్వకంగా తిరస్కరించాను.