ఆ గడ్డ తీయొద్దన్నది నేనే, బాపూ

బాపూ,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. దారాలు, గుండీల కొట్టు ఇప్పుడు నేనే తెరుస్తున్నాను... గిరాకీ పర్వాలేదు.

బస్తీ అంతా నిన్ను ఇంకా మెచ్చుకుంటోంది. ఎవరినీ కష్టపెట్టకుండా ఐదు రోజుల్లో పోయాడు, అదృష్టవంతుడు అంటారు. వినీ వినీ ఒళ్లు మండుతోంది. ఎవరి అదృష్టం అది?

ఆ రోజు శుక్రవారం. కొట్టు బంద్. "బంద్ నాడు నన్ను లేపితే లొల్లే" అనేవాడివి కదా... నీ నోటికి భయపడి లేపలేదు. పది దాటాక టీ తెచ్చి చూస్తే మూతి వంకరపోయి ఉంది. కుడి చెయ్యి పడిపోయింది. ఎప్పుడు జరిగిందో ఎవరికి తెలుసు?

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూపించింది. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డం పడిందట. ఎడమవైపు చాలా భాగం అప్పటికే చెడిపోయిందట. ఇంతగా చెడిపోతే ఇదివరకు ముట్టుకునేవాళ్లం కాదు, ఇప్పుడు కొందరికి చేస్తున్నాం అంది. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారట. మాట రాకపోవచ్చు, నడక రాకపోవచ్చు, లోపల రక్తం కారినా కారవచ్చు, అయినా కొంత కోలుకునే అవకాశం ఉంది అంది. తీయాలో వద్దో వెంటనే చెప్పమంది.

నాకు అమ్మ గుర్తొచ్చింది. మంచాన పడిన అమ్మకు రెండేళ్లు నువ్వే అన్నం కలిపి తినిపించావు. చెయ్యి కడుక్కుంటూ నాతో అనేవాడివి, "బిడ్డా, నాకు గిట్ల అయితే తినిపియ్యకు. పోనియ్యి."

ఆ మాటే పట్టుకున్నాను. మా బాపు కోరిక ఇదేనని అన్నీ తెలిసినదానిలా చెప్పి, వద్దని సంతకం పెట్టాను.

మరి అమ్మను నువ్వెందుకు పోనియ్యలేదు? ఒక్క పూటైనా విసుక్కున్నావా? అది నిజంగా నీ కోరికేనా, ఏ పూటకాపూట అలసటా? నన్నెందుకు నమ్మించావు బాపూ?

మొన్న ఫలక్‌నుమా వెళ్లాను. మన దగ్గర గుండీలు కొనే దర్జీ జహంగీర్ భాయ్ లేడూ... నీ తర్వాత ఆయనకూ ఇదే వచ్చింది. స్కాన్ కూడా అంత చెడ్డగానే ఉందట. వాళ్లావిడ గడ్డ తీయమంది. ఆయన నడవలేడు. మాట ముద్దముద్దగా వస్తుంది. ఆవిడ ఖిచిడీ తినిపిస్తుంటే ఉప్పు చాల్లేదని ముఖం తిప్పుకున్నాడు. ఆవిడ తిట్టింది. ఆయన నవ్వాడు.

నేను కుళ్లుకున్నాను. నీకూ అలాగే అయ్యేదని కాదు... ఆ ఆపరేషన్ బల్ల మీదే పోయేవాడివేమో. కానీ నవ్వేవాడివేమో కూడా.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. నేను సంతకం పెట్టబోతుంటే నీ ఎడమచెయ్యి నా కొంగు పట్టుకుంది. గట్టిగా. నేను వేళ్లు విడదీసి మరీ పెట్టాను. ఏం చెప్పబోయావు?

నిన్న నా కూతురిని కూర్చోబెట్టి చెప్పాను. నాకలా అయితే, ఏ కాస్త అవకాశం ఉందన్నా గడ్డ తీయించమని. చేత్తో తినిపించమని. నీకు వద్దన్న ఈ నోటితోనే నాకు కావాలని మాట తీసుకున్నాను.

ఉంటాను.

నీ బిడ్డ,
సుజాత