బుల్లబ్బాయి వేసిన కొత్త సీలు

నిడదవోలు

నాన్నగారికి నమస్కారం. ఫోన్లో మీకు వినపడదని ఈ కార్డు. నేనూ, లారీ క్షేమమే.

మీ శిష్యుడని నమ్మి మెకానిక్ బుల్లబ్బాయికి బండి ఇచ్చాను. చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టి, అది బయటికి కారకుండా హబ్బు సీళ్లు కొత్తవి వేశానన్నాడు. ధవళేశ్వరం దగ్గర ధాన్యం లోడుతో వెళ్తుంటే బ్రేకు సరిగ్గా పట్టలేదు. ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను! చక్రం విప్పితే చిరిగిన పాత సీలే. గ్రీజంతా కారి బ్రేకు లైనింగుల మీదికొచ్చింది. అడిగితే, “పసుపు రాసి నిమ్మకాయలు తొక్కించాను కదండీ, ఏమవుద్దండి?” అంటాడు. నిమ్మకాయ గ్రీజును ఆపుతుందా? మీరు నేర్పినట్టు అరచేత్తో గ్రీజు కూరి, సీళ్లు నేనే మార్చాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? సీళ్లు దెబ్బతినకుండా కొట్టి కూర్చోబెట్టడానికి మీ చెక్కసుత్తి పంపండి.

ఆదివారం బుల్లబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడు. పాత సీలు అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. కాళ్లకు దండం పెడితే, అది చూశాకే దీవించండి.

గణేష్‌బాబు