పావలా దాటిన పేజీ

మార్చి 2

ఇవాళ్టి నుంచి ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకటే వాలెట్, నా పేరు మీద. నెట్‌లో ప్రకటనలు పోయాయి. ఇక ఏ పేజీ తెరిచినా అయిదు పైసలో పది పైసలో దానంతట అదే తీసుకుంటుంది. పావలా దాటితే నా అనుమతి అడుగుతుంది. దాటితే వద్దనేస్తానని ముందే చెప్పాను. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఎవరు ఏం చదివారో పైకి చదువుతాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆడిట్ చేసినదాన్ని, చిల్లర దగ్గరే చిల్లు పడుతుందని నాకు తెలుసు.

చీమ నడకకి కూడా వోచర్ రాస్తావా నానమ్మా అంది మనవరాలు. రాస్తానన్నాను.

మార్చి 8, ఆదివారం

మొదటిసారి లెక్క చదివాను. అబ్బాయిలు మెసేజ్‌కి ఎందుకు జవాబివ్వరు అన్న పేజీని మనవరాలు నాలుగుసార్లు చదివిందట. చెవుల దాకా ఎర్రబడింది. కోడలు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 17

వాలెట్ అనుమతి అడిగింది. 40 పైసలు. వద్దన్నాను.

మార్చి 21

మళ్లీ. 90 పైసలు. వద్దన్నాను.

ఏప్రిల్ 9

ఒక్క పేజీకి నాలుగు రూపాయలట. సిగ్గుండాలి. వద్దన్నాను.

ఏప్రిల్ 30, సాయంత్రం 5

నెలాఖరు. ఖర్చుల లెక్క సరిపోయింది. అలవాటు కొద్దీ నేను వద్దన్నవి కూడా లెక్కపెట్టాను. పంతొమ్మిది. అన్నీ ఒకే పేజీ. అన్నీ కోడలి ఫోన్ నుంచే. ఇన్నాళ్లూ అంకె చూశాను, పేజీ పేరు చూడలేదు. ఇప్పుడు చూశాను.

రొమ్ములో గడ్డ: డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

పేరు చెప్పకుండా, ఒకే పేజీకి ధర ఎందుకు పెరుగుతుందని మనవరాలిని అడిగాను. వాన మొదలవగానే ఆటోవాడు రేటు పెంచడూ, అలాగే అంది. తిరిగి తిరిగి వచ్చేవాళ్లకి అవసరం ఎక్కువని దానికి తెలుసట. ఎవరికి తెలుసు అన్నాను. ఎవరికీ కాదు నానమ్మా, మెషీన్‌కి అంది.

నలభై పైసలు, తొంభై, నాలుగు రూపాయలు, పదకొండు. నా కోడలి భయం ఎంత పెరిగిందో మెషీన్ ప్రతిసారీ తూకం వేసి నాకు చెబుతూనే ఉంది.

వంటింట్లోకి వెళ్లి, నాకెందుకు చెప్పలేదే అన్నాను. ఆమె స్టవ్ తుడవడం ఆపలేదు.

"అడుగుతూనే ఉన్నాను కదా అత్తయ్యా. మీరు చూసే వద్దంటున్నారనుకున్నాను."

మే 2

డాక్టరమ్మ ఎప్పటి నుంచి అని అడిగింది. వారం నుంచి అంది కోడలు. నన్ను కాపాడటానికే అని అర్థమైంది. మార్చి 17 నుంచి, నలభై ఆరు రోజులు అన్నాను నేను. డాక్టరమ్మ పెన్ను ఆగింది. అంత కచ్చితంగా మీకెలా తెలుసు అంది. చెప్పాను.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మా అబ్బాయి ఉద్యోగం మీద ఓడలో ఉన్నాడు. రిపోర్టు వచ్చేదాకా చెప్పొద్దంది కోడలు.

మే 3, ఆదివారం

లెక్క చదవలేదు. ఎవరూ అడగలేదు.

మే 8, ఉదయం 10.20

రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. తెరవడానికి నా అనుమతి కావాలట. ముప్పై ఆరు రూపాయలు. కోడలు నా పక్కనే కూర్చుంది. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఇద్దరిలో ఎవరమూ ఇంకా నొక్కలేదు.

ఇప్పుడు నలభై రెండు అంటోంది.