ఆఫీసరమ్మగారి లారీ

పెడన

చిరంజీవి మాధురికి, మీ పెద్దనాన్న కోటిలింగం గుండె చిక్కబట్టుకుని రాస్తున్నది.

ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటావు. ఉత్తరానికి ఆ వంక కుదరదు. విజయవాడ కాలేజీలో పదేళ్లుగా లెక్కలు చెబుతున్నదానివి, ఉద్యోగం మానేసి లారీ కొన్నావట! మీ అమ్మ ఈ మాట చెప్పినప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసుంది. ఇప్పుడు లేదు. సరే, కొంటే కొన్నావు. మంచి డ్రైవర్ని పెట్టుకో. మన బసవయ్య కొడుకు ఖాళీగానే ఉన్నాడు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న

తా.క.: లారీ ఏ రంగు? ఊరికే అడిగాను.

*

ఆటోనగర్, విజయవాడ

పెద్దనాన్నగారికి మాధురి నమస్కారాలు.

రంగు ఆకుపచ్చ. డ్రైవర్ని నేనే. ఆదివారాలు స్పెషల్ క్లాసులున్నాయని మీ ఇంటి శుభకార్యాలు ఎగ్గొట్టానే, అవన్నీ డ్రైవింగ్ క్లాసులు. పదేళ్లు ఒకే గదిలో అవే లెక్కలు చెప్పాను పెద్దనాన్నా. ఆ గది కిటికీలోంచి హైవే కనిపిస్తుంది. ఇక నావల్ల కాలేదు.

కష్టం ఒక్కటే. ఆడమనిషి నడిపే బండికి ఎవరూ సరుకివ్వడం లేదు. నెలాఖరులోగా ఖాయమైన లోడు దొరక్కపోతే బండి అమ్మేసి మళ్లీ కాలేజీకే పోవాలి. మీ చేనేత సంఘం బట్టల బేళ్లు నాగపూర్ వెళ్తాయి కదా. మీరు కార్యదర్శి. ఒక మాట వేయరూ?

మీ మాధురి

తా.క.: బసవయ్య కొడుక్కి రివర్స్ రాదు. నా దగ్గరే నేర్చుకుంటున్నాడు.

*

పెడన

మాధురికి దీవెనలు. నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. మళ్లీ కూర్చోబోయి కింద పడ్డాను.

ఇంటి ఆడపిల్ల లారీ నడుపుతోందని సంఘంలో ఏ మొహంతో చెప్పను? మా అధ్యక్షుడు వేణుగోపాల్ "మాధురి ఉద్యోగం మానేసిందటగా?" అని అడిగాడు. నోటికేదొస్తే అది అనేశాను. మానలేదు, ప్రమోషన్ మీద రవాణా శాఖలో ఆఫీసరైందన్నాను. అందరూ నోళ్లు తెరిచారు. నేనూ తెరిచాను. వచ్చే ఆదివారం నీకు సన్మానమట. శాలువా నేయమని మీ పెద్దమ్మ చౌడేశ్వరికే పురమాయించారు.

దిక్కుతోచని
పెద్దనాన్న

తా.క.: లైసెన్సు పని ఉందని ఇద్దరు ఎల్లుండి నీ దగ్గరికి వస్తున్నారు. కాస్త కాఫీ ఇవ్వు.

*

ఆటోనగర్

పెద్దనాన్నా! ఇద్దరు కాదు, ఏడుగురొచ్చారు. రవాణా ఆఫీసరమ్మగారి గది ఎక్కడని ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డూ తిరిగారు. అప్పుడు నేను లారీ కింద ఉన్నాను, మొహం నిండా గ్రీజు. "ఏమ్మా, మేడమ్‌గారు ఉన్నారా?" అన్నారు. మీటింగ్‌లో ఉన్నారని చెప్పి పంపించేశాను. మీ తమ్ముడి కూతుర్ని కదా!

ఆదివారం లారీ వేసుకునే వస్తాను. మైకులో నిజం చెప్పేస్తాను.

మీ మాధురి

తా.క.: శాలువా ఆకుపచ్చదైతే లారీకి మ్యాచింగ్‌గా ఉంటుంది.

*

పెడన

అమ్మా మాధురీ, నీకు దణ్ణం పెడతాను. రావద్దు. వస్తే బస్సులో రా.

పెద్దనాన్న

తా.క.: లారీలోనే వస్తానంటే ఊరి బయట దిగి నడిచి రా.

*

పెడన

చిరంజీవి మాధురికి, ఇంకా తేరుకోని మీ పెద్దనాన్న రాస్తున్నది.

నిజం నువ్వు వచ్చేదాకా ఆగలేదు. ఆ ఏడుగురిలో ఒకడు నీ గొంతు గుర్తుపట్టి, ఊరంతా చెప్పేశాడు. నిన్న సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పదవి ఊడిందనుకునే వెళ్లాను. వేణుగోపాల్ లేచి, "ఆఫీసర్లు మనకెందుకు కోటిలింగం? బేళ్లు గోడౌన్‌లో మూలుగుతున్నాయి. చెప్పిన రోజుకి వచ్చే లారీ కావాలి. ఆ పిల్ల వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. ఈసారి అబద్ధం కాదు.

అయితే కొత్త బండిలో సరుకెక్కిస్తే సంఘం మనిషి ఒకరు తోడు వెళ్లడం మా ఆనవాయితీ. ఎవరు వెళ్తారని అడిగితే మగాళ్లమంతా మా చెప్పులకేసి చూసుకున్నాం. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. మీ పెద్దమ్మది!

"పెళ్లైన దగ్గర్నుంచీ నేస్తానే ఉన్నా. నేసిన బట్ట ఊళ్లు తిరుగుతోంది, నేను గుంట మగ్గం దాటలా. అదెక్కడికి పోతందో నేనూ చూడాలి" అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఆ బేళ్ల మీద చిరునామాలు రాసింది నేనే. ఒక్కసారి చూసొద్దాం రమ్మని ఆవిణ్ణి నేను అడగలేదు.

సోమవారం లోడు. లారీ మన వీధిలోకే తీసుకురా. హారన్ గట్టిగా కొట్టు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న

తా.క.: దారిలో ఒకసారి స్టీరింగ్ ఇవ్వమని అడుగుతుందట. ఇవ్వకు. ఇచ్చావో, నాకు మాత్రం చెప్పకు.