అసూయకు బెల్లమన్నం

కామాఠిపురా, బొంబాయి
12-8-84

అమ్మకు సులోచన దండాలు. నేను కులాసా.

కామాఠిపురా అనగానే ఊళ్లో ఏవేవో అంటున్నారని దిగులుపడకు. ఎల్లయ్య మామ చిరునామా ఇచ్చిన ఈ వజ్రమ్మ అత్త ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. నేను చదువుకుంటుంటే పక్కగదివాళ్లు కూడా రేడియో ఆపేస్తారు.

నా పరిశోధన నాలుగువందల ఏళ్లనాటి బొమ్మల పుస్తకాల మీద. కోపం, లోభం లాంటి గుణాలను మనుషుల్లా గీసి, ఒక్కో బొమ్మ కింద ఒక పద్యం రాసేవారు. అలాంటి బొమ్మలే పాత ఇంగ్లీషు నాటకాల్లో వేషాలై వచ్చేవి. కాలేజీలో నా పరిశోధన చూసే సారు ఇచ్చిన జిరాక్సు కాగితాలు గోడకు అంటించుకున్నాను. మొన్న కాలేజీ నుంచి వచ్చేసరికి అత్త ఒక బొమ్మకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ముందు బెల్లమన్నం పెట్టింది. అది అసూయ బొమ్మ, తన గుండె తానే తినే ముసలామె. సారు కాగితం పాడైందని నాకు ఏడుపొచ్చింది. "ఈమె దేవత కాదత్తా, అసూయ" అన్నాను.

"ఎవ్వలైతేంది బిడ్డా, ఆకలికి తన గుండెకాయ తనే తింటున్నది. జర్ర బువ్వ పెడితే ఏం పోయింది?" అంది.

సారు కోప్పడలేదు. ఆ కాగితం అత్తకే ఇమ్మని, నాకు ఇంకోటి తీయించారు.

తమ్ముడి దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? ఎల్లయ్య మామ పనికి ఇటు వచ్చేటప్పుడు పండుమిరప తొక్కు పంపు, అత్తకు ప్రాణం. బాపుకు దండాలు, తమ్ముడికి దీవెనలు.

చోటు అయిపోతోంది, ఒక్క మాట. నేను రైలు దిగి వచ్చి, ఎన్నడూ చూడని ఆ గుమ్మంలో మూటతో నిలబడ్డప్పుడు అత్త అన్నది ఇదీ: "ముందుగాల బువ్వ తిను బిడ్డా, పేరు తర్వాత చెప్దువు గని."