పొయ్యి వేడి కాదు అత్తయ్యా

దెసాంకా అత్తయ్యా,

మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. మీ మందుల కోసం పట్నం వెళ్తున్నాను, మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తాను. కోడి చారు పొయ్యి మీద ఉంది, వెచ్చగా తాగండి. బాబును పక్కింటి మిలేవా వదిన దగ్గర ఉంచాను. వాడి ఏడుపు వినబడినా మీ జ్వరం తగ్గేదాకా తెచ్చుకోవద్దు. దగ్గొస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. కిటికీ జానెడు తెరిచాను. "ఈదురుగాలి దూరితే మనిషి పోతాడే, పిచ్చిదానా" అంటారని తెలుసు. డాక్టరమ్మే తెరవమంది.

మీ దగ్గర ఒక మాట దాచాను. మనింటిని కాచే నికోలా స్వామి పండుగనాడు "మొహం అలా కందిందేమే?" అని మీరడిగితే పొయ్యి వేడి అన్నాను. కాదు. పొద్దుటి నుంచే జ్వరం. పండుగ మొదటిసారి నా చేతికిచ్చారు కదా, ఆరోజే మంచమెక్కితే నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. ఉడికించిన గోధుమల ప్రసాదం ముప్పైమందికీ నేనే పంచాను, అందరికంటే ముందు మీకే. "కోడలంటే ఇదీ!" అని అందరిలో మెచ్చుకున్నారు. ఆ మాట తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

యాగొద

తిట్టండి అత్తయ్యా. నేనొచ్చేసరికి గేటు దాకా వినబడేలా తిట్టండి. మీ ఊపిరి కుదుటపడిందని అక్కడే తెలుసుకుంటాను.